పీకేసిన చేతులతోనే నాటుతున్నాం

(సమాఖ్య వార్షిక మహాసభలో పచ్చదనం ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు కోశాధికారి గారు ఇప్పుడే చదివారు. మేం చదవబోయేది మొక్కల లెక్క. ఇందులో జమ కన్నా ఖర్చే ముందు కనిపిస్తుంది. అయినా దాచుకోవడం మన సంఘాల పద్ధతి కాదు. ఎవరైనా కంతు కట్టకపోతే కట్టలేదనే పుస్తకంలో రాస్తాం. మా తప్పు కూడా అలాగే రాసుకుని, చివర్లో మీ ముందు ఒక తీర్మానం పెడతాం. ఔనంటారో కాదంటారో మీ ఇష్టం. విన్నాక చెప్పండి.

మొదటి ఏడాది మేం చేసిన పని

2023 వానాకాలంలో కొండ వైపు వెళ్ళే రోడ్డును శుభ్రం చేయాలని మన సంఘాలు అనుకున్నాయి. కొడవళ్ళు, పారలు, గునపాలు పట్టుకుని అందరం బయల్దేరాం. రోడ్డుకు రెండు పక్కలా ఉన్న పిచ్చి మొక్కలన్నీ కొట్టేశాం. తంగేడు పొదలు, వావిలి, జిల్లేడు, రేగు కంప, ఉత్తరేణి, ఏదీ వదల్లేదు. నేలను పారతో చెక్కి, కళ్ళాపి చల్లుకునే వాకిలిలాగా నున్నగా చేశాం. ఫొటోలు దిగాం, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నర్సరీ నుంచి వచ్చిన 60 మొక్కలు నాటాం. వాటిలో సగానికి పైగా కోనోకార్పస్. మిగతావి తురాయి, ఇంకొన్ని రంగు ఆకుల మొక్కలు.

వినాయక చవితి వచ్చింది. పత్రి కోసం ఎప్పటిలాగే పిల్లల్ని రోడ్డు మీదికి పంపాం. ఉత్తి చేతులతో తిరిగొచ్చారు. ఉత్తరేణి లేదు, వావిలి లేదు, జిల్లేడు లేదు. ఆ సంగతి బొమ్మల పని చేసే ఇంట్లోంచి వచ్చిన ఒక పెద్దమ్మ సంఘం మీటింగులో అందరి ముందే అడిగింది: "ఇరవై ఏళ్ళుగా నేను పత్రి కోసుకునే చోటునే మీరు శుభ్రం చేశారు. అది చెత్తని మీకు ఎవరు చెప్పారే?" మాలో ఒక్కరి దగ్గర కూడా జవాబు లేదు. ఆ ఏడు పత్రి బజార్లో కొన్నాం.

ఉగాది నాటికి 60 మొక్కల్లో 9 మిగిలాయి. మేం చెక్కిన నేల మాత్రం ఖాళీగా ఉండలేదు. నడుమెత్తున వయ్యారిభామ లేచింది. దానికి కావలసింది సరిగ్గా అదే: కదిలించిన నేల, పోటీ లేని జాగా. గరిక, తంగేడు గట్టిగా పట్టుకున్న చోట అది అంత తేలిగ్గా దూరలేదు. దారి తీసి లోపలికి పిలిచింది మేమే. అది తగిలితే ఒళ్ళు దద్దుర్లు లేస్తుంది, పుప్పొడి ముక్కులోకి పోతే ఆయాసం ఉన్నవాళ్ళకు ఎక్కువవుతుంది. ఆ వేసవి మాలో ఇద్దరు మోచేతుల దాకా దురదతో బాధపడ్డారు.

ఏది మనది, ఏది వచ్చింది

అప్పుడు కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాం. వయ్యారిభామ అమెరికా ఖండం మొక్క. మన దేశంలో 1950లలో పుణె దగ్గర కనబడి, ఇప్పుడు ఊరూరా ఉంది. సర్కారు తుమ్మ కూడా ఆ వైపు నుంచి వచ్చిందే. వంట చెరకు కోసం 1870లలో తెల్లవాళ్ళు కడప ప్రాంతంలో విత్తనాలు వేయించారు. కట్టెలకు, బొగ్గుకు అది పనికొచ్చిందన్నది నిజమే. కానీ మేకలు కాయలు తిని పెంటికల ద్వారా విత్తనం వెదజల్లుతుంటే, చెరువుగట్లూ రోడ్డు పక్కలూ అదే ఆక్రమించింది. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. కోనోకార్పస్ కూడా మన మొక్క కాదు. మేకలు ముట్టవు, త్వరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది అని ఊళ్ళన్నీ దాన్ని తెచ్చుకున్నాయి. వేళ్ళు పైపుల్లోకి, కాలువల్లోకి పోతున్నాయని, పుప్పొడి ఇబ్బంది పెడుతోందని ఫిర్యాదులు రావడంతో గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో ఇక నాటొద్దన్నాయి.

బయటి నుంచి వచ్చినదంతా చెడ్డదని మేం అనడం లేదు. చింతచెట్టు పూర్వం ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు. దాన్ని పరాయిదని అంటే మన చారు ఒప్పుకోదు. మేం చూసేది ఇంతే: ఆ చెట్టు మన వానకూ మన ఎండకూ తట్టుకుంటుందా? పిట్టకూ తేనెటీగకూ మేకకూ మనిషికీ ఏమైనా ఇస్తుందా? పక్క మొక్కను బతకనిస్తుందా?

ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని ఆ పెద్దమ్మ దగ్గరికే వెళ్ళాం. ఆమె చవితి 21 పత్రుల పేర్లు వేళ్ళ మీద లెక్కబెట్టి చెప్పింది. వాటిలో రావి, మద్ది, జమ్మి, మారేడు, రేగు, వావిలి, జిల్లేడు, ఉత్తరేణి, గరిక, విష్ణుక్రాంత, వాకుడు మన దారుల పక్కన, గట్ల మీద దొరికేవే. జిల్లేడు ఆకు తిని ఒకరకం సీతాకోకచిలుక పురుగు పెరుగుతుందని, రావి పండు తిన్న పిట్ట గోడ మీద కూడా రావి మొలిపిస్తుందని మనకందరికీ తెలుసు. నర్సరీలో దొరకని జాబితా మన పూజ పుస్తకంలోనే ఉంది.

బొమ్మకూ చెట్టుకూ ఉన్న చుట్టరికం

కొండపల్లిలో చెట్ల మాట ఎత్తితే పొణికి మాట రాకుండా ఉండదు. మన బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. తేలికైన మెత్తటి చెక్క అది. ఉలికి లొంగుతుంది, ఆరితే పగలదు. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పొడినీ రంపపు పొట్టునూ కలిపిన మక్కుతో అతికిస్తారు. అంటే బొమ్మలో రెండు చెట్లున్నాయి, కొండ మీది పొణికి ఒకటి, దారి పక్క చింత ఒకటి. రంగులు వేసే పనిలో మన సంఘాల ఆడవాళ్ళే చాలామంది ఉన్నారు. చెక్క దొరకడం కష్టమైన నెల వాళ్ళ పొదుపు పుస్తకంలో కూడా తెలుస్తుంది.

మరి రోడ్డు పక్క పొణికి నాటేద్దామా అని మాలో హుషారు వచ్చింది. మళ్ళీ అదే తప్పు చేయబోయి ఆగాం. పొణికి రాతి నేలల్లో, ఎండు అడవుల్లో, కొండ వాలుల్లో పెరిగే చెట్టు. చెక్క మెత్తన కాబట్టి బండ్లు తిరిగే దారి మీద కొమ్మ విరిగితే ప్రమాదం. గింజ పెంకు గట్టిది, వేసిన గింజలన్నీ మొలవవు, మొలిచేవి కూడా ఆలస్యంగా మొలుస్తాయి. అందుకని పొణికిని రోడ్డు జాబితాలోంచి తీసి, కొండ కింద రాతి జాగా కోసం వేరుగా రాసుకున్నాం. రిజర్వు అడవిలో మనంతట మనం గింజ ఏరకూడదు, కొమ్మ కొట్టకూడదు. అటవీ శాఖను అడిగి, వాళ్ళు చెప్పిన చోట, వాళ్ళు ఇచ్చిన మొక్కే పెట్టాలి. ఈ పని ఇంకా మొదలవలేదు. దీని కోసమే తీర్మానంలో ఒక వాక్యం అడుగుతాం.

రెండో ఏడాది: చోటును బట్టి మొక్క

కృష్ణా డెల్టాలో ఉండే మన ఆడపడుచులు ఒకమాట అంటుంటారు, "మా కాలవగట్టు మీద పుల్ల గుచ్చినా చిగురిస్తుంది" అని. బందరు కాలవ కింద నల్లరేగడి, ఏడాదిలో సగం రోజులు నీటి చెమ్మ. అక్కడ గట్టు మీద మద్ది, కానుగ, గంగరావి బాగా వస్తాయి. మనది కొండ కింది నేల. అడుగు తవ్వితే రాయి, వేసవిలో పెనంలా కాలుతుంది. వాళ్ళ జాబితా మనకు అచ్చంగా సరిపోదు. అందుకని 2024లో ఇలా విడగొట్టాం.

పెద్ద నీడ కోసం, తారు అంచుకు దూరంగా వేప, కానుగ, దిరిసెన, నేరేడు, చింత. రావి, మర్రి, మేడి అయితే గోడలకూ కాలువలకూ పైపులకూ ఇంకా దూరంగా, విశాలమైన జాగాలోనే. కరెంటు తీగల కింద పెద్ద చెట్టు వద్దు. ఏటా కొమ్మలు కొట్టి మోడు చేసే చెట్టును నాటి ఏం లాభం? అక్కడ తంగేడు, వావిలి, రేగు. మలుపుల్లో, నాలుగు దారులు కలిసే చోట ఎదురు బండి కనబడాలి కాబట్టి గరిక తప్ప ఏమీ పెట్టలేదు. మధ్య మధ్య రేల, మోదుగ వేశాం. ఎండాకాలంలో ఆకు రాలినా పూత ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు, నాటకుండా వదిలేయడం నేర్చుకున్నాం. దానంతట అదే మొలిచిన వేప, తంగేడు కనబడితే చుట్టూ రాళ్ళు పేర్చి, కర్రకు ఎర్రగుడ్డ కట్టాం. దాని వేరు ఇప్పటికే లోతుకు దిగింది, బకెట్టు నీళ్ళు కూడా అడగదు. నర్సరీ మొక్క కన్నా అదే గట్టిది.

మొక్కకూ పంచసూత్రాలు

మన సంఘానికి పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. మొక్కలకు కూడా అయిదు రాసుకున్నాం.

ఒకటి, విత్తనం వేళకు పట్టాలి. వేప గింజ పండు రాలిన కొద్ది వారాల్లోనే వేయాలి, దాచుకుంటే చచ్చిపోతుంది. తంగేడు, రేల, దిరిసెన గింజల పెంకు గట్టిది. కాచిన నీళ్ళు దించి గింజలు వేసి, రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవి వేయాలి. కానుగ గింజకు ఏ హంగూ అక్కర్లేదు, తాజాగా ఉంటే చాలు. మర్రికీ మేడికీ బొటనవేలు కన్నా లావుండే కొమ్మ వానల్లో నాటితే పట్టుకుంటుంది.

రెండు, గుంట వేసవిలోనే తవ్వి ఎండనివ్వాలి. మూరెడు లోతు, మూరెడు వెడల్పు. మృగశిర దాటి నేల రెండుసార్లు బాగా తడిశాక నాటాలి. ఫొటో కోసం ఎండలో నాటకూడదు.

మూడు, కంచె. ఇనుప గార్డులకు మన దగ్గర డబ్బు లేదు. సర్కారు తుమ్మ కంప కొట్టి చుట్టూ పెట్టాం. కాయలున్న కొమ్మ మాత్రం వద్దు, కంచెతోపాటు దాని విత్తనం కూడా మనమే తెచ్చినట్టవుతుంది.

నాలుగు, రెండు వేసవులు నీళ్ళు. మొక్క మొదట్లో ఆకులు రాల్చి, వేసవికి ఎండు గడ్డి మందంగా పరవాలి. అడుగున చిన్న చిల్లి పెట్టి గుడ్డ వత్తి దోపిన పాత కుండను పక్కన పాతిపెడితే నీరు వేరు దగ్గరే చెమ్మగా దిగుతుంది, సగం ఆవిరైపోదు.

అయిదు, పుస్తకం. ప్రతి మొక్కకూ నంబరు, దాని పేరు, నాటిన తేదీ, చూసే సంఘం. చచ్చిపోతే ఎందుకు చచ్చిందో కూడా రాయాలి. ఈ కాలమే మాకు చాలా నేర్పింది.

2024లో 45 మొక్కలు పెట్టాం. ఈ రోజుకు 31 బతికున్నాయి. పోయిన 14 సంగతి పుస్తకంలో ఇలా ఉంది: మేకలకు 3, నీళ్ళందక 4, రోడ్డు పక్క ఎండు గడ్డికి ఎవరో నిప్పు పెడితే 2, తీగల కోసం గుంట తవ్విన యంత్రం కింద 5. ఆ అయిదూ బాగా పెరుగుతున్నవి. ఎవరి మీదా నేరం మోపడానికి చెప్పడం లేదు. ఆ జాగాలో మొక్కలున్నాయని మేం ఎవరికీ కాగితం రాసి ఇవ్వలేదు. రోడ్డు పక్క నేల మనది కాదు. ఒకటి జాతీయ రహదారి వాళ్ళది, ఒకటి రోడ్లు భవనాల శాఖది, ఒకటి మునిసిపాలిటీది. నోటి మాటతో నాటింది నోటి మాటతోనే పోతుంది.

బుడమేరు చెప్పింది

2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద ఇక్కడ ఎవరూ మరిచిపోరు. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి, విజయవాడ సింగ్ నగర్ దాకా ఇళ్ళు మునిగాయి. మన బంధువులే ఎందరో మిద్దెల మీద రోజులు గడిపారు. చెట్లుంటే గండి పడేది కాదు అని మేం అనం. అంత నీటిని ఆపేది చెట్టు కాదు. కానీ ఆ వానకు మన రోడ్డు మీద ఒకటి చూశాం. మేం చెక్కి నున్నగా చేసిన చోట అంచు మట్టి కొట్టుకుపోయి తారు కింద గొయ్యి పడింది. గరికా తంగేడూ మిగిలిన చోట అంచు నిలబడింది. ఇది చదువుకున్నవాళ్ళు చెప్పింది కాదు, పక్కపక్కనే మా కళ్ళతో చూసింది.

మాలో వచ్చిన తగువు

ఇప్పుడు అసలు మాట. ఈ పనిలో అందరం ఒక్కమాట మీద లేం. ఒక అక్క నిలదీసి అడిగింది: "తాగడానికి బిందె నీళ్ళకు వరసలో నిలబడతాం. మొక్కలకు ఎక్కడినుంచి తేను?" లెక్కేసి చూస్తే మొక్కకు 10 లీటర్లు, వారానికి రెండుసార్లు అంటే 45 మొక్కలకు వారానికి 900 లీటర్లు. తాగేనీరు తాకకుండా, బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పోగుచేశాం. ట్రాలీ ఆటో ఉన్న సభ్యురాలు డ్రమ్ము మోసింది. అయినా నీళ్ళందక 4 పోయాయి.

ఇంకో చెల్లెలు ఇంకా గట్టిగా అడిగింది: "ఈ పని మగవాళ్ళు చేస్తే కూలి అంటారు. మనం చేస్తే సేవ అంటారా?" ఈ ప్రశ్న న్యాయమైనది. 2005 ఉపాధి హామీ చట్టం గ్రామాల కోసం వచ్చింది. చాలా ఊళ్ళలో రోడ్డు పక్క మొక్కలు నాటిన, నీళ్ళు పోసిన కూలి దాని కిందే అందింది. కొండపల్లి, ఇబ్రహీంపట్నం పంచాయతీలు కలిసి మునిసిపాలిటీ అయ్యాక ఆ దారి మనకు లేదు. జాతీయ రహదారుల పచ్చదనానికి కేంద్రం 2015లో ఒక విధానం తెచ్చింది. అందులో నాటడమే కాదు, పెంచి కాపాడటం కూడా ఉంది. కాబట్టి మేం అడిగేది దయ కాదు. పెంచే పనికి కూలి ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది, ఆ కూలి పెంచే చేతికి రావాలి.

తిమ్మక్కా, రామయ్యా

కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క గురించి మీలో చాలామంది వినే ఉంటారు. హులికల్ నుంచి కుదూరు వెళ్ళే దారి పొడవునా భర్తతో కలిసి మర్రి కొమ్మలు నాటి, కడవలతో నీళ్ళు మోసి, దాదాపు 385 మర్రిచెట్లను నిలబెట్టింది. చదువు లేదు, కూలిపని, పిల్లలు లేరని ఊరి మాటలు. 2019లో పద్మశ్రీ వచ్చింది. మన పక్కనే ఖమ్మం జిల్లాలో వనజీవి రామయ్య గారు, ఆయన భార్య జానమ్మ గారు గింజలు ఏరి దారుల వెంట చల్లారు, నాటారు. ఆయనకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025లో కన్నుమూశారు.

వాళ్ళను తలచుకుని చప్పట్లు కొట్టి ఊరుకోవడానికి చెప్పలేదు. ఇద్దరూ చేసింది ఒకటే. తమ చుట్టూ దొరికే చెట్టునే ఎంచుకున్నారు, నాటిన రోజు కన్నా నాటిన తర్వాతి ఏళ్ళ మీద మనసు పెట్టారు. వాళ్ళది ఒంటరి పోరు. మనకు సంఘం ఉంది, పుస్తకం ఉంది, నెలకు రెండుసార్లు కూర్చునే అలవాటు ఉంది. అప్పు తీరే దాకా వదలని వాళ్ళం, మొక్క తేరుకునే దాకా వదలకుండా ఉండలేమా?

మీ ముందు పెట్టే తీర్మానం

ఒకటి, ఇకమీదట మన సమాఖ్య పేరు మీద ఏ రోడ్డు పక్కా నేల చెక్కి నున్నగా చేయం. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో పీకేస్తాం. అక్కడ వెంటనే గరిక గానీ తంగేడు గానీ వేస్తాం.

రెండు, నాటే ప్రతి జాగాకు రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే గునపం దించుతాం. మొక్కల పటం గీసి ఆ కార్యాలయానికి ఒక ప్రతి ఇస్తాం.

మూడు, రెండు వేసవుల నీళ్ళకూ కాపలాకూ కూలి ఇవ్వమని మునిసిపాలిటీకి మహాసభ తరఫున అర్జీ పెడతాం. కూలి తేలే దాకా కొత్త కిలోమీటరు ఎత్తుకోం. ఉన్న 31నే కాపాడతాం.

నాలుగు, కొండ కింద పొణికి పెంచడానికి సంఘాలు ముందుకొస్తాయని అటవీ శాఖకూ బొమ్మల కళాకారులకూ తెలియజేస్తాం.

మూడో అంశం మీద మాలోనే ఇంకా వాదన ఉంది. కూలి కోసం ఆగితే ఒక వానాకాలం పోతుందని కొందరు, ఆగకపోతే ఎప్పటికీ ఉచిత చాకిరీయేనని కొందరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే మేమే తేల్చకుండా మీ దగ్గరికి తెచ్చాం. సంఘాల వారీగా మాట్లాడుకుని చేతులెత్తండి.

ఈ చవితికి ఆ పెద్దమ్మ మళ్ళీ మా రోడ్డు మీదికి వచ్చింది. జిల్లేడు ఉంది, వావిలి ఉంది, ఉత్తరేణి చీరకు అంటుకునేంత ఉంది. గుప్పెడు కోసుకుని, కొంగులో వేసుకుని, "ఈసారి మిగతాది ఉంచండే" అని వెళ్ళిపోయింది. మా రిజిస్టరులో ఆ రోజు తేదీ వేసి, ఆ మాట రాసుకున్నాం.